ఆదివారం రాత్రి పొయ్యి వెలిగించకుండా ఇంటిల్లిపాదికీ ఏం పెట్టొచ్చు?

ఖమ్మం కోడలు అడుగుతున్నారు:

మే నెలలో మా ఊరి ఎండ సంగతి తెలిసిందే కదండీ. సాయంత్రం ఆరు దాటినా వంటగది గోడ మీద చెయ్యి పెట్టలేం. అందుకే ఆదివారం మధ్యాహ్నం వండిందే వంట, రాత్రికి పొయ్యి ముట్టించనని ఇంట్లో చెప్పేశాను. మావారికీ పిల్లలకీ ఏ ఇబ్బందీ లేదు. మామయ్యగారు కూడా నోరు తెరిచి ఏమీ అనరు. కానీ కంచం ముందు కూర్చుని ఒకసారి వంటగది వైపు చూస్తారు, ఇంకేదో వస్తుందేమోనన్నట్టు. ఆయనకి డెబ్బై దాటింది, గట్టివి నమలలేరు. ఆ చూపు నాకు రాత్రంతా గుర్తొస్తూనే ఉంటుంది.

ఇవాళ ఉన్నవి: ఫ్రిజ్‌లో నాలుగు గరిటెల అన్నం, గిన్నె అడుగున కాస్త టమాటా పప్పు, నిన్నటి జొన్న రొట్టెలు రెండు, సగం కీరదోసకాయ, ఒక పచ్చి మామిడికాయ, పెరుగు, అటుకులు, పుట్నాలు. ఆవకాయ, కందిపొడి ఎలాగూ ఉంటాయి. బయట నుంచి తెప్పించుకోమని మాత్రం చెప్పకండి ప్లీజ్. ఇంట్లో ఉన్నవాటితోనే తృప్తిగా తిన్నట్టు ఉండాలి. మీ ఇళ్లలో ఏం చేస్తారు?

కరీంనగర్ పెద్దమ్మ:

బిడ్డా, నువ్వు రాసిన జాబితాలో అన్నీ పొద్దుటివో నిన్నటివో. ఆ పూటకని కలిపింది ఒక్కటీ లేదు. మీ మామగారు వంటగది వైపు చూసేది దానికోసమే అని నాకనిపిస్తోంది. పొయ్యి అక్కర్లేదు. పచ్చిపులుసు కలుపు.

నిమ్మకాయంత చింతపండు చన్నీళ్లలో అరగంట నానెయ్యి. ఈలోపు ఒక పెద్ద ఉల్లిగడ్డ సన్నగా తరిగి, రెండు పచ్చిమిరపకాయలు చీల్చి, ఉప్పు, కొంచెం జీలకర్ర వేసి చేత్తో గట్టిగా పిసుకు. అసలు పని ఇదే, చాలామంది ఇక్కడ తొందరపడతారు. ఉల్లిగడ్డ నీళ్లు వదిలి మెత్తబడేదాకా పిసికితే ఆ ఘాటు, ఆ తీపి పులుసులోకి దిగుతాయి. ఊరికే ముక్కలు పైన చల్లితే నీళ్లు వేరు, ఉల్లిగడ్డ వేరు. అప్పుడు చింతపండు రసం పిండి, నీళ్లు పోసి పలచన చేసి, చిటికెడు బెల్లం, కొత్తిమీర వెయ్యి. డబ్బాలో నువ్వుల పొడి ఉంటే ఒక చెంచా వెయ్యి, చిక్కదనం వస్తుంది. మామూలుగా మిరపకాయలు నిప్పు మీద కాల్చి వేస్తాం, ఆ వాసన వేరే. పోపు కూడా పెడతాం. ఈ ఎండల్లో ఆ రెండూ లేకపోయినా ఏం కాదు. పప్పు చల్లగా ముద్దకట్టి ఉన్నా, ఈ పులుసుతో కలుపుకుంటే బాగా దిగుతుంది.

జొన్న రొట్టెలు ఒకటి రెండు రోజులకి గట్టిపడతాయి కదా. తుంచి మజ్జిగలో నానేసి, ఉల్లిగడ్డ ముక్క నంజుకుంటే కడుపు చల్లగా ఉంటుంది. పిల్లలు వద్దంటే ఒక రొట్టె మెత్తగా నలిపి, బెల్లం తురుము, నెయ్యి కలిపి ముద్దలు కట్టు. సద్దుల బతుకమ్మకి మేం చేసే మలీద ఇదే. పండగే రావాలని ఏముంది?

అనంతపురం నుంచి:

పెద్దమ్మ చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. పుట్నాలు వేయించినవే కాబట్టి వాటికి పొయ్యితో పనిలేదు. గుప్పెడు పుట్నాలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు, కారం మిక్సీలో ఒక్క తిప్పు తిప్పితే పొడి రెడీ. మా ఇంట్లో ఎండాకాలం రాత్రి బొరుగుల్లో ఈ పొడి, తరిగిన ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం, చెంచా పచ్చి వేరుశనగ నూనె కలిపి పెద్ద బేసిన్‌లో మధ్యలో పెట్టేస్తాం. ఉగ్గానికైతే తిరగమోత తప్పదు, దీనికి అదీ లేదు. కలిపిన వెంటనే తినాలి, ఆలస్యమైతే మెత్తబడిపోతాయి.

హోమ్ సైన్స్ టీచర్ (రిటైర్డ్):

అమ్మా, ఆ అన్నం మధ్యాహ్నం ఎంతసేపు బయట ఉందో ఒకసారి గుర్తుతెచ్చుకోండి. బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు. వెచ్చగా ఉన్న అన్నంలో అవి పెరిగి విషం తయారుచేస్తే, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. అందుకే తినగానే మిగిలిన అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పరిచి ఆరబెట్టి, గంట, మహా అయితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. సాయంత్రం దాకా గిన్నెలో మూతపెట్టి వదిలేసిన అన్నమైతే పారబోయండి, పెద్దవాళ్లకీ పిల్లలకీ అసలు పెట్టొద్దు. అన్నం పారేయడం మనకి ప్రాణం పోయినట్టే ఉంటుంది, నాకూ అంతే. అయినా చెబుతున్నాను.

గంటసేపు నానిన పెసరపప్పులో మీ కీరదోస, మామిడి తురుము, కొబ్బరి, ఉప్పు కలిపితే వడపప్పు. శ్రీరామనవమికి తప్ప ఎవరూ తలుచుకోరు ఎందుకో. పిల్లలకి అంతకంటే మంచిదేముంది?

ఖమ్మం కోడలు:

అన్నం ఒంటిగంటన్నరకే ఫ్రిజ్‌లో పెట్టేశానండీ, థాంక్స్. చింతపండు నానేశాను, పెసరపప్పు కూడా. కానీ ఫ్రిజ్ అన్నం బిరుసెక్కిపోయింది. మామయ్యగారికి ఎలా?

గోదావరి గట్టు నుంచి:

ఆయనకి ఆ అన్నం వద్దు అక్కా, అటుకులు పెట్టండి. లావు అటుకులైతే కడిగి, పలచటి మజ్జిగలో పావుగంట పైనే ఉంచండి. వేలితో నొక్కితే మెత్తగా నలగాలి, మధ్యలో పలుకు తగలకూడదు. అప్పుడు గట్టి పెరుగు, ఉప్పు, సన్నటి కీరదోస తురుము వేసి కలపండి. పల్చటి అటుకులైతే కడిగితే చాలు. ఆవకాయ ముక్క వద్దు, గుజ్జు మాత్రం ఒక చెంచా పక్కన వెయ్యండి. బిరుసు అన్నం మీరిద్దరూ పచ్చిపులుసు పోసుకుని తినెయ్యొచ్చు.

కరీంనగర్ పెద్దమ్మ:

మంచి మాట చెప్పింది ఆ పిల్ల. ఇంకొకటి బిడ్డా. పులుసు కలిపాక ఒక గరిటె చేతిలో పోసి మీ మామగారినే ఉప్పు చూడమను. పులుపు ఎక్కువైందంటే బెల్లం ఎంత వెయ్యాలో కూడా ఆయన్నే అడుగు.