ఓటీటీలోకి వచ్చిన సినిమాకి థియేటర్ రివ్యూ సరిపోతుందా, విడిగా రాయాలా?

లంక డిస్కులు (పి.గన్నవరం దగ్గర)

మా పిన్ని కొడుకు సరదాగా సినిమా రివ్యూలు రాస్తాడు. పోయిన వారం ఓ కొత్త సినిమా మీద రాశాడు. కథ పర్వాలేదట, నటులు బాగా చేశారట, ఫొటోగ్రఫీ మాత్రం మసకగా, జీవం లేకుండా ఉందట. అదే సినిమా నేను అమలాపురంలో తెర మీద చూశాను. రాత్రి సీన్లలో ఒక్కో దీపం వెలుగు విడిగా తెలిసింది. అనుమానం వచ్చి "ఎక్కడ చూశావురా?" అని అడిగాను. ఫోన్‌లో అన్నాడు, అదీ మొబైల్ ప్లాన్‌లో. నెట్‌ఫ్లిక్స్‌లో 149 రూపాయల మొబైల్ ప్లాన్ తక్కువ స్పష్టత గల 480పీ దాటి ఇవ్వదు. ఆ ముక్క రివ్యూలో ఎక్కడా లేదు. అది చదివినవాళ్లకు కెమెరామన్ చేతగానివాడు అనిపిస్తుంది.

అందుకే అడుగుతున్నాను. ఇంటికి వచ్చిన సినిమాకి విడిగా రివ్యూ రాయాలా, అక్కర్లేదా? రాయాలనే నేను గట్టిగా అంటాను. ఎక్కడ చూశాం, దేని మీద చూశాం అన్నది మొదటి లైన్‌లోనే ఉండాలి.

బొమ్మ సంగతి పక్కన పెట్టినా, ఒక్కోసారి సినిమాయే మారిపోతోంది. "పుష్ప 2" 2024 డిసెంబర్ 5న థియేటర్లకు వచ్చినప్పుడు నిడివి సుమారు 3 గంటల 20 నిమిషాలు. 2025 జనవరి 17 నుంచి థియేటర్లలోనే 20 నిమిషాలు కలిపారు. జనవరి 30న నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది దాదాపు 3 గంటల 44 నిమిషాలు. డిసెంబర్‌లో రాసిన రివ్యూ చదివి జనవరి చివర్లో ఇంట్లో చూసినవాళ్లు, ఆ రివ్యూ రాసినాయన చూడని సీన్లు చూశారు. అలాంటప్పుడు పాత రివ్యూ ఎలా సరిపోతుంది?

తణుకు బైపాస్

అన్నగారూ, మీకు డిస్కులంటే ప్రాణం కాబట్టి అలా అనిపిస్తుంది. మామూలు ఇంటి సంగతి వేరండి. మా ఇంట్లో రాత్రి ఎనిమిదిన్నరకి అందరం భోజనానికి కూర్చుంటాం, ఎదురుగా టీవీ. నాన్నగారు అడిగేది ఒక్కటే: "బాగుంటుందా? పిల్లలతో చూడొచ్చా?" దానికి మొదటి రోజు రివ్యూ చాలు. థియేటర్లో బోరు కొట్టిన కథ సోఫాలో కూర్చుంటే బాగైపోదు కదా.

అయిదుగురం హాలుకి వెళ్తే టిక్కెట్లు, ఆటో, ఇంటర్వెల్‌లో పిల్లల గొడవ, అన్నీ కలిపి నెల సరుకుల్లోంచి తీయాల్సి వస్తుంది. అందుకే ఆగుతాం. "ఆర్ఆర్ఆర్" 2022 మార్చి 25న విడుదలైతే, మే 20న ఓటీటీలోకి వచ్చేదాకా మా ఇల్లంతా ఎనిమిది వారాలు ఆగింది. ఆగినవాళ్లకి ఆ సినిమా ఎలా ఉందో అప్పటికే ఊరంతా చెప్పేసింది. మళ్లీ రెండో రివ్యూ, అందులో పిక్సెళ్లు, బిట్‌రేట్లు... ఎవరు చదువుతారండి?

పాలకొల్లు బాల్కనీ

నాది మూడో మాట. ఇంట్లో చూసి అసలు తీర్పు చెప్పకూడదు.

మా నాన్న ముప్ఫై ఏళ్లు ఆపరేటర్‌గా చేశారు. ఆ హాలు ఇప్పుడు కల్యాణ మండపం. దాసరి నారాయణరావు గారు, కోడి రామకృష్ణ గారు, అల్లు రామలింగయ్య గారు పుట్టిన ఊరు మాది. జనంతో కూర్చుని చూడ్డం మాకు తల్లిపాలతో వచ్చింది. "ఎలాగూ ఓటీటీలోకి వస్తుందిలే" అన్న ఒక్క మాట ఎన్ని హాళ్లను మింగిందో నేను కళ్లారా చూశాను. "పుష్ప" మొదటి భాగం 2021 డిసెంబర్ 17న వస్తే, జనవరి 7కల్లా ఇళ్లలో ఉంది. మూడు వారాలు! నిర్మాతలకే గుబులు పుట్టి 2022 ఆగస్టులో షూటింగులు ఆపుకుని కూర్చుని మాట్లాడుకోవాల్సి వచ్చింది. "సంక్రాంతికి వస్తున్నాం" అయితే 2025 మార్చి 1న టీవీలోనూ ఓటీటీలోనూ ఒకేసారి వచ్చేసింది.

ఇంకో సంగతి. కామెడీ సినిమాలో పంచ్ పడగానే తర్వాతి డైలాగు రాదు. హాలంతా నవ్వుతుందని ఎడిటర్ కాస్త జాగా వదులుతాడు. నవ్వు ఆగాక రెండోవాడు మాట్లాడతాడు. అదే సీను మీరు ఇంట్లో ఒక్కరే చూడండి. ఆ జాగా ఖాళీగా కనిపిస్తుంది. "ల్యాగ్" అని రాసేస్తారు. మా నాన్న క్యాబిన్ కిటికీలోంచి తెరని కాదు, జనాన్ని చూసేవారు. ఏ రీలు దగ్గర నేల క్లాసు ఘొల్లుమంటుందో ఆయనకి తెలుసు. అది తెలియకుండా కామెడీకి మార్కులు వేయడం అన్యాయం.

లంక డిస్కులు

బాల్కనీ గారూ, నవ్వుకి వదిలే జాగా గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నాను. ఒంటరిగా చూసిన కామెడీకి "ల్యాగ్" అని ఇక రాయను.

కానీ మీ మాట నా వాదనకే బలం కదండీ. ఎలా చూశామన్నది తీర్పుని మారుస్తోందని మీరే చూపించారు. ఇంట్లో చూసినవాడు "ఇంట్లో ఒక్కడినే చూశాను" అని రాస్తే చదివేవాడు ఆ మేరకు తగ్గించుకుని చదువుకుంటాడు.

పైగా హాలు కూడా అన్ని చోట్లా ఒకటి కాదు. డిజిటల్ ప్రొజెక్షన్‌లో తెర మీద వెలుగు 14 ఫుట్‌లాంబర్టులు (వెలుగుకి కొలత) ఉండాలన్నది ప్రమాణం. లాంప్ పాతబడి, మార్చడం ఆలస్యమైతే తెర మసకబారుతుంది. మీ నాన్నగారి లాంటివాళ్లు ఉన్నచోట అలా జరగనివ్వరు. ఆయన లేనిచోట చూసి రాసినవాడు కూడా ఏ హాలో చెప్పాలి.

బొమ్మ లెక్క కూడా చెబుతాను, తణుకు గారు ఓపిక పట్టాలి. 2కే ప్రొజెక్షన్‌లో సినిమాస్కోప్ (బాగా వెడల్పాటి) బొమ్మ 2048 బై 858 చుక్కలు, అంటే పిక్సెళ్లు. బ్లూ-రే డిస్కులో అదే బొమ్మ అడ్డంగా 1920. చుక్కల లెక్కలో పెద్ద తేడా లేదు. తేడా అంతా నొక్కడంలో, అంటే ఫైలు చిన్నదవ్వడానికి బొమ్మని కుదించడంలో ఉంది. థియేటర్ కాపీ సెకనుకి 250 మెగాబిట్ల దాకా వెళ్లొచ్చు (బిట్‌రేట్ అంటే ఇదే), బ్లూ-రేలో బొమ్మ 40 దాకా. ఓటీటీలో 4కే చూడాలంటే 15 మెగాబిట్ల నెట్ ఉంటే చాలంటారు, అంటే అంతకన్నా తక్కువలో సర్దుతున్నారని. పొగ, వాన, గోదావరి మీద మంచు, వరిచేలో గాలి, ఇలా కదిలే చిన్నచిన్న వస్తువులన్నీ ముందు దెబ్బ తింటాయి. మన ఊళ్లలో తీసిన సినిమాల్లో ఉండేవే అవి! మంచులో పడవ వచ్చే షాటు టీవీలో గళ్లుగళ్లుగా విడిపోతుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

డిస్కులంటే ప్రాణం అన్నారు, నిజమే. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ వాళ్లు వీసీడీ 28 రూపాయలకి, డీవీడీ 34కి ఇచ్చినప్పుడు మొదలుపెట్టాను. 2022 జూలై వరదకి భద్రాచలం దగ్గర గోదావరి 70 అడుగులు దాటింది చూడండి, అప్పుడు మా లంకలో ఇంట్లోకి నడుము లోతు నీళ్లొచ్చాయి. అట్టలన్నీ ముద్దయిపోయాయి. డిస్కులు మాత్రం ఒక్కొక్కటీ మంచినీళ్లతో కడిగి, మధ్యలోంచి అంచుకి మెత్తటి గుడ్డతో తుడిచి ఆరబెట్టాను. చాలామటుకు ఆడుతున్నాయి. ఓటీటీలో ఉన్న సినిమా హక్కుల గడువు అయిపోతే ఒకరోజు చెప్పకుండా వెళ్లిపోతుంది. అందుకే ఇప్పటి సినిమాలకి డిస్కు రావట్లేదని నాకింత దిగులు. "ఆర్ఆర్ఆర్" బ్లూ-రే జపాన్‌లో దొరుకుతుంది. బ్లూ-రేలని ప్రాంతాల వారీగా విడదీస్తారు: అక్కడిది రీజియన్ ఏ, మన దేశానిది రీజియన్ సీ. తెప్పించినా రీజియన్ లాక్ ఉంటే మన ప్లేయర్‌లో ఆడదు.

కాకినాడ సౌండ్

నేను ఇళ్లలో స్పీకర్లు బిగించే పని చేస్తాను. రెండు మాటలు.

ఓటీటీ రివ్యూల కింద ఎక్కువగా కనిపించేది "డైలాగులు వినపడట్లేదు, బీజీఎం మోత". సౌండ్ ఇంజనీరు తప్పు కానక్కర్లేదు. 5.1 మిక్స్‌లో (అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ కోసం చేసిన సౌండ్) మాటలు చాలావరకు మధ్య స్పీకర్‌లోంచి వస్తాయి. టీవీకి ఉండేవి సాధారణంగా రెండే, అవి కూడా కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. అన్నిటినీ ఆ రెండింట్లో కుదిస్తే మాట అణిగిపోతుంది. యాప్‌లో ఆడియోని 5.1 నుంచి స్టీరియోకి మార్చి చూడండి, సగం ఇళ్లలో అక్కడితో తీరిపోతుంది. అలా మార్చి చూడకుండా "సౌండ్ మిక్సింగ్ చెత్త" అని రాయకండి. ఆ మనిషి నెలల తరబడి కూర్చుని చేసిన పని అది.

రెండోది, టీవీలో నల్ల పట్టీలు నచ్చక జూమ్ పెట్టేవాళ్లు. సినిమాస్కోప్ బొమ్మని ఇప్పటి టీవీల 16:9 తెర నిండేలా పెంచితే అటూ ఇటూ కలిపి నాలుగో వంతు పోతుంది. పాత చదరపు టీవీల్లో అయితే 40 శాతం పైగా పోయేది. తెరకి చెరో అంచున నిలబడి ఇద్దరు మాట్లాడుకుంటుంటే ముక్కులు మాత్రమే మిగిలేవి. అలా చూసి "ఫ్రేమింగ్ బాగాలేదు" అన్నవాళ్లు నాకు తెలుసు.

డిస్కుల ఆయనకి ఒక చిన్న జాగ్రత్త. పాల్ పద్ధతి (మన దేశపు పాత టీవీ పద్ధతి) డీవీడీల్లో సెకనుకి 24 ఫ్రేముల సినిమాని 25కి నడుపుతారు. 150 నిమిషాల సినిమా 144కే అయిపోతుంది. ఏమీ కోయలేదు, వేగం పెరిగింది. సరిచేయకపోతే గొంతులు కూడా కాస్త సన్నబడతాయి. నిడివి తక్కువ చూసి "కట్ చేశారు" అని రాసేముందు ఇది చూసుకోండి.

కువైట్‌లో కోనసీమ

మాది రాజోలు. పదకొండేళ్లుగా ఇక్కడ. రూములో ఆరుగురం, శుక్రవారం సెలవు, ఒకే టీవీ. బాల్కనీ గారు ఇంట్లో చూసినవాళ్లు తీర్పు చెప్పకూడదన్నారు. మా డ్యూటీలకి హాలుకెళ్లే శుక్రవారాలు ఏడాదికి ఒకటో రెండో. మిగతా సినిమాలన్నీ ఈ టీవీలోనే. మేం చూసింది సినిమా కాదంటే ఎలా అన్నయ్యా? మన ఊరి కాలవ గట్టు తెర మీద కనపడితే ఆరుగురం ఒక్కసారి మాట్లాడ్డం ఆపేస్తాం. మీ హాల్లో నిశ్శబ్దానికి అదేమీ తక్కువ కాదు.

పాలకొల్లు బాల్కనీ

తమ్ముడూ, నీ మాట నన్ను ఆపేసింది. నేనన్నది పక్కనే హాలు పెట్టుకుని, డబ్బులుండి, సోమరితనంతో ఆగి, ఆపైన తీర్పులు చెప్పేవాళ్లని. నిన్ను కాదు. ఆ కాలవ గట్టు సీను గురించి నువ్వు రాయాలి. నేను చదువుతాను.

హాలు విషయంలో మాత్రం నా మాట అదే. విడుదలైన వారం దగ్గర్లో హాలు ఉంటే అక్కడ చూసే రాయండి.

ఆచంట అబ్బాయి

ఇంతవరకూ చదువుతూ ఉన్నాను. తణుకు గారు "రెండో రివ్యూ ఎవరు చదువుతారు" అన్నారు కాబట్టి చెబుతున్నాను. నేను చదువుతానండి.

మా అమ్మకి చెవులు దాదాపు వినపడవు. ఒకప్పుడు నెలకి రెండు సినిమాలు చూసే మనిషి. ఇప్పుడు పెదాల కదలిక చూసి చాలావరకు పట్టుకుంటుంది. అందుకని ఆవిడకి పెద్ద టీవీయే కావాలి, ఫోన్ పనికిరాదు. వేరే భాష నటులకి తెలుగులో డబ్బింగ్ చెప్పిన సినిమాల్లో పెదాలకీ మాటకీ పొంతన ఉండదు, అక్కడ పూర్తిగా ఆగిపోతుంది. "వాడేమన్నాడ్రా?" అని అడుగుతుంది. నేను చెప్పేలోపు ఇంకో సీను వచ్చేస్తుంది.

తెలుగు సబ్‌టైటిల్స్ ఉంటే ఆవిడ ఎవరినీ అడగక్కర్లేదు. తెలుగు చక్కగా చదువుతుంది. కానీ చాలా తెలుగు సినిమాలకి ఓటీటీలో ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఒక్కటే ఉంటున్నాయి. మన భాష సినిమాకి మన అక్షరాలు ఉన్నాయో లేవో ఏ మొదటి రోజు రివ్యూలోనూ ఉండదు, ఉండే వీలూ లేదు. ఇంటికొచ్చాక చూసినవాళ్లే చెప్పగలరు. ప్రతిసారీ నేను సినిమా మొదలుపెట్టి, సెట్టింగ్స్ తెరిచి, లేవని చూసి ఆపేస్తాను. అప్పటికే అమ్మ కళ్లజోడు పెట్టుకుని కూర్చుని ఉంటుంది.

తణుకు బైపాస్

ఆచంట తమ్ముడూ, ఇది నా బుర్రకి తట్టనేలేదు. మా నాన్నగారికి కూడా వినికిడి తగ్గుతోంది, వాల్యూం పెంచుకుంటూ పోతున్నాం తప్ప సబ్‌టైటిల్స్ పెట్టాలని ఎప్పుడూ అనుకోలేదు. ఇకనుంచి నేను ఏ సినిమా గురించి రాసినా తెలుగు సబ్‌టైటిల్స్ ఉన్నాయా లేవా అన్నది ముందు రాస్తాను. డబ్బింగ్ పెదాలకి కలిసిందో లేదో కూడా. బిట్‌రేట్ లెక్కలు మాత్రం డిస్కుల అన్నగారికే వదిలేస్తాను.

లంక డిస్కులు

నేనూ ఇన్నాళ్లు పొగమంచు గళ్లు లెక్కపెట్టాను గానీ ఆ మెనూ తెరిచి చూసింది లేదు. ఆచంట అబ్బాయిగారూ, అమ్మగారు ఈమధ్య ఏ సినిమా చూడాలనుకుంటున్నారో రాయండి. నా దగ్గర మూడు యాప్‌లు ఉన్నాయి. శనివారం పొద్దున్నే తెలుగు అక్షరాలు ఉన్నాయో లేవో చూసి, మొదటి పది నిమిషాలు మాటకి సరిగ్గా పడుతున్నాయో లేదో కూడా సరిచూసి ఇక్కడే పెడతాను. అమ్మగారు కళ్లజోడు పెట్టుకునే ముందే మీకు తెలుస్తుంది.