ధవళేశ్వరం బ్యారేజీ ఎగువన పడవ నడపడానికి సలహా కావాలి

కోనసీమ కాలువల్లో చిన్న మోటారు పడవ నడపడం నాకు బాగా అలవాటే. అయితే వచ్చే నెలలో కుటుంబంతో బొబ్బర్లంక వద్ద, బ్యారేజీకి ఎగువన పడవ దించి, రాజమహేంద్రవరం కోటిలింగాల రేవు దాకా మొదటిసారి వెళ్లవలసి ఉంది. వరద వచ్చినప్పుడల్లా ఇసుక మేటలు చోటు మారతాయి కనుక, నిండుగా కనిపించే నీటి కింద మోకాలి లోతైనా లేని చోట్లు ఉంటాయి. ఫ్యాను ఇసుకలో దిగితే ఇంజను గతి చెప్పనక్కరలేదు. ముందు ఒకరు గడతో లోతు చూస్తూ ఉండటమే మార్గమా, లేక నీటి రంగును, అలల తీరును బట్టి మేటను దూరం నుంచే పసిగట్టవచ్చా? గేట్లు ఎత్తినప్పుడు లాగుడుకు చిక్కకుండా బ్యారేజీకి ఎంత ఎడం పాటించాలి? 1900లో ప్రారంభమైన హేవలాక్ వంతెనను ఏ వైపు స్తంభాల మధ్య నుంచి దాటడం క్షేమం? లైఫ్ జాకెట్లు అందరికీ ఉన్నాయి. దారి తెలిసిన స్థానిక సరంగును వెంట తీసుకువెళ్లడమే మేలంటే, అందుకూ నేను సిద్ధమే.