గొల్లపూడి మారుతీరావు గారి సినిమాలు ఎక్కణ్ణించి మొదలుపెట్టాలి? (మా మామ్మ ఆయన్ని తిడుతోంది)

మధురవాడ_కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది పెందుర్తి, ఉద్యోగం మధురవాడలో. పోయిన ఆదివారం మధ్యాహ్నం టీవీలో ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’ వస్తోంది. చిరంజీవి పాత సినిమా కదా అని కూచున్నాను. మా మామ్మకి 82. ఓ పక్కన కూచుని దీపం ఒత్తులు చేసుకుంటోంది. చిరంజీవి వచ్చాడు, తలెత్తలేదు. మాధవి వచ్చింది, తలెత్తలేదు. సుబ్బారావు వేషంలో గొల్లపూడి గారు తెర మీదకి రాగానే పత్తి పక్కన పడేసి, “అదిగో, వచ్చాడు సచ్చినోడు” అంది. ఆ తర్వాత ఆయన కనబడ్డప్పుడల్లా ఒక తిట్టు.

రాత్రి సరదాకి ఫోన్లో ‘సంసారం ఒక చదరంగం’ పెట్టి చూపించాను. అందులో ఆయన తండ్రి. ఇంటి మధ్యలో గీత గీసే చోట మామ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. మధ్యాహ్నం నువ్వు తిట్టినాయనే ఈయన అంటే నమ్మదే! “ఆడు వేరు, ఈయన వేరు” అని పడుకుంది.

నా సందేహాలు ఇవి. ఈయన విలనా, కమెడియనా, తండ్రి పాత్రల ఆయనా? సినిమాల్లో నటించడం 43 ఏళ్ళకి మొదలుపెట్టారని చదివాను. అంతవరకూ ఏం చేశారు? నాలాంటివాడు ఏవి చూడాలి? మన వైజాగ్‌తో ఆయనకి సంబంధం ఉందంటారు, అదేమిటి?

రెండో_ఆట:

బ్రో, తరంగిణి, అభిలాష, స్వాతిముత్యం చూసెయ్. మొత్తం 250 పైన చేశారు, ఎక్కడ మొదలెట్టినా ఒకటే. కామెడీ కావాలంటే రెండురెళ్ళు ఆరు. ఆయన రాసిందే, జంధ్యాల గారు తీశారు.

పోర్టు_రిటైర్డ్:

నాయనా, ముందు పై ఆయన మాట ఒకటి సరిచేస్తాను, ఏమీ అనుకోవద్దు. జంధ్యాల గారి సినిమా మల్లాది వెంకట కృష్ణమూర్తి గారి నవల. గొల్లపూడి వారి ‘రెండురెళ్ళు ఆరు’ నాటకం. పేరొకటే, సరుకు వేరు. నాటకాలవాళ్ళు నలుగురు చేరిన చోట ఈ తగువు రాకుండా టీ చల్లారదు.

ఇక నీ ప్రశ్న. “43 దాకా ఏం చేశారు” అన్నావు. సినిమాల్లో చేసిందానికి కావలసిన సరంజామా అంతా ఆ 43 ఏళ్ళలోనే కూడబెట్టారు. 1939 ఏప్రిల్ 14న విజయనగరంలో పుట్టారు. చదువంతా మన ఊళ్ళోనే. సీబీఎం హైస్కూలు, ఏవీఎన్ కాలేజీ, ఆంధ్రా యూనివర్సిటీ. చదివింది మేథమెటికల్ ఫిజిక్సు, ధ్యాసంతా నాటకం మీద. కుర్రతనంలోనే రాఘవ కళానికేతన్ అని ఒక సంస్థ పెట్టి నాటకాలు ఆడించారు. 1959లో ఆయన నాటకం ‘మనస్తత్వాలు’ ఢిల్లీలో జరిగిన విశ్వవిద్యాలయాల యువజనోత్సవాలకి ఎంపికైంది. తర్వాత ఆంధ్రప్రభలో సబ్ఎడిటరు. చిత్తూరులో ఉన్నప్పుడు చైనా దండయాత్ర మీద ‘వందేమాతరం’ అని నాటకం రాసి ఆడి, 50 వేల రూపాయలు వసూలు చేసి ప్రధాని నిధికి పంపారు. ఆ రోజుల్లో 50 వేలంటే ఎంతో మీ తాతగారి తరం వాళ్ళని అడుగు.

అక్కణ్ణించి ఆకాశవాణి. హైదరాబాదు, విజయవాడ, ఒడిశాలో సంబల్‌పూర్, కడప. ఇరవయ్యేళ్ళు చేసి అసిస్టెంట్ స్టేషన్ డైరెక్టరుగా బయటికొచ్చారు. మధ్యలో సినిమా రచన. 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’కి స్క్రీన్‌ప్లే ఆయనదే. అంటే, పద్దెనిమిదేళ్ళు ఇతరుల నోటికి మాటలు రాసి, ఆ తర్వాత తన నోరు తెరిచారు. నటుడిగా ఆయన్ని పట్టుకోవాలంటే ఈ కొస దగ్గర పట్టుకోవాలని నా అభిప్రాయం. పైనాయన “ఎక్కడ మొదలెట్టినా ఒకటే” అన్నాడు. నేనొప్పుకోను.

నా సొంత అనుభవం ఒకటి చెప్తాను. పోర్టులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో మా కాలనీ వార్షికోత్సవానికి ఆయన నాటిక ‘కళ్ళు’ వేశాం. అందరూ గుడ్డి బిచ్చగాళ్ళు, ఒకడికి చూపొస్తుంది, చూపొచ్చినవాడు తక్కినవాళ్ళని మోసం చెయ్యడం మొదలెడతాడు. నేను చూపు రానివాళ్ళలో ఒకణ్ణి. మే నెల, గ్రౌండులో స్టేజీ, సముద్రం మీంచి ఉక్క. నల్ల కళ్ళజోళ్ళు పెట్టుకుంటే గుడ్డివేషం గొడవ వదిలిపోతుందనుకున్నాం. చెమటకి అవి ముక్కు మీంచి జారిపోవడం, మేం తోసుకోవడం, జనం నవ్వడం. అది అలా ఉంచు. రిహార్సల్స్‌లో ఒకరోజు నా మాటకి ముందు “అయితే” అని సొంతంగా ఒక్క ముక్క కలిపాను. బాగుంటుందనిపించింది. పక్కవాడి మాట పట్టు తప్పింది, వాడి తర్వాతివాడిది కూడా తప్పింది. ముగ్గురం నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాం. ఒక్క “అయితే”కే! మా డైరెక్టరు మా డిపార్టుమెంటులోనే సూపర్నెంటు. “నీ అయితే తీసెయ్, దాంతో నడక చెడింది” అన్నాడు. తీసేశాక మళ్ళీ బండి పట్టాలెక్కింది.

ఆ వేళ నాకు అర్థమైంది. ఇవి చెవి కోసం రాసిన మాటలు. రేడియోలో మొహం ఉండదు, కనుబొమ్మ ఎగరేస్తే ఎవడికీ వినబడదు. ఉన్నదల్లా మాట, మాటకీ మాటకీ మధ్య ఖాళీ. అలాంటి మనిషి 1982లో ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’తో కెమెరా ముందుకొచ్చాడు. కోడి రామకృష్ణ గారికి దర్శకుడిగా అది మొదటి సినిమా. మేం నేల టిక్కెట్టుకెళ్ళి చూశాం. విలనంటే అప్పటికి మాకు గళ్ళ లుంగీ, బుగ్గ మీద గాటు, లేదంటే సిగార్ పొగ. ఈయనేటంటే, మా సెక్షనులో పక్క కుర్చీలో కూచునే మనిషిలా ఉన్నాడు. గొంతెత్తడు. “ఏమ్మా బాగున్నారా” అన్నట్టుంటుంది మాట, లోపల విషం. హాల్లో నా వెనక ఆడవాళ్ళు మీ మామ్మలాగే తిట్టారు. పెద్ద విలన్లని చూసి భయపడతారు, తిట్టరు. తిట్టడానికి తెలిసినవాడై ఉండాలి.

మళ్ళీ చూసేటప్పుడు ఒకటి గమనించు. మామూలు నటులు వాక్యం చివర ఆగుతారు. ఈయన మధ్యలో ఆగుతాడు. ఆగిన చోట ఎదుటివాడు తన అనుమానం తనే నింపుకుంటాడు. రాసినవాడికే తెలుస్తుంది ఎక్కడ ఆగాలో.

‘సంసారం ఒక చదరంగం’ గురించి ఒక ముక్క. అది తమిళం నుంచి తెచ్చుకున్న కథ, ఏవీఎం వాళ్ళది, 1987. తమిళంలో ఆ తండ్రి పాత్ర విసు గారు వేశారు. తెలుగులో ఆ తండ్రికి పేరేం పెట్టారో చూశావా? అప్పలనరసయ్య. సింహాచలం అప్పన్న పేరు! గుంటూరు మనిషికి ఆ పేరు పెట్టరు, నెల్లూరు మనిషికి అసలే పెట్టరు. ఆ పేరు చెవిన పడగానే కథ మన జిల్లాకొచ్చేసింది. దానికి మన నీళ్ళు తాగిన మనిషి దొరికాడు. నేనూ గుమాస్తానే. జీతం రోజున కొడుకుతో లెక్కలు మాట్లాడ్డం ఎంత సిగ్గుగా ఉంటుందో నాకు తెలుసు. ఆ సుద్దగీత చూసి ఇంటికొచ్చి ఆ రాత్రి మా నాన్నతో సరిగా మాట్లాడలేకపోయాను.

వేళ్ళు నొప్పెట్టాయి. మిగతాది రేపు.

రెండో_ఆట:

పెద్దాయనా, రెండురెళ్ళ విషయంలో తప్పు నాదే, సారీ. కానీ ఒకటడుగుతా. 80ల్లో ఆయన సినిమాలు వరసగా చూస్తే సగం ఒకేలా ఉంటాయి కదా? అదే నవ్వు, అదే మెత్తటి మాట, అదే చెడ్డబుద్ధి.

డాబాగార్డెన్స్_పుస్తకం:

ఆ ప్రశ్న పెద్దాయనకే వదిలేస్తున్నాను. మామ్మగారికి ఆయన టీవీలో కూడా తెలిసే ఉంటారు. ‘ప్రజావేదిక’, ‘మనసున మనసై’ నడిపింది ఆయనే. మా అమ్మ వంట ఆపి చూసేది. సినిమాలో ఎదుటివాణ్ణి కంగారుపెట్టే ఆ నిదానమే ఇక్కడ ఎదుటివాళ్ళకి ధైర్యం ఇచ్చేది. ప్రశ్న అడిగి ఊరుకునేవారు. ఇప్పటి యాంకర్లు ప్రశ్నా వాళ్ళదే, జవాబూ వాళ్ళదే, చప్పట్లూ వాళ్ళవే.

ఇంకొకటి. ఆలస్యంగా రావడం మన ఉత్తరాంధ్ర వాళ్ళకి అలవాటేమో అనిపిస్తుంది నాకు. జె.వి. సోమయాజులు గారు డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేస్తూ కన్యాశుల్కంలో రామప్పపంతులు వేసేవారు. తమ్ముడు రమణమూర్తి గారు గిరీశం. ‘శంకరాభరణం’ వచ్చేసరికి సోమయాజులు గారికి యాభై దాటింది. సాక్షి రంగారావు గారు మన యూనివర్సిటీలోనే ఉద్యోగం చేశారు. వీళ్ళెవరూ పొట్టకూటికి మొదట సినిమాని నమ్ముకోలేదు, అందుకేనేమో తెర మీద తొందరపడేవారు కాదు. గొల్లపూడి గారు నాటకరంగం మీద రాసిన వ్యాసాలు ఏయూ థియేటర్ ఆర్ట్స్ వాళ్ళకి పాఠాలు. నేను అలాగే మొదట ఆయన్ని చదివాను, సినిమాలు తర్వాత చూశాను. సుబ్బారావుని చూసి ఖంగుతిన్నాను.

మధురవాడ_కుర్రాడు:

బాబాయ్ గారూ, నిన్న రాత్రి మళ్ళీ పెట్టి చూశాను. మధ్యలో ఆగుతాడన్నారు కదా, నిజమే. ఒకచోట రెండుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. టీవీ సంగతి మామ్మనడిగితే, “ఆ టీవీ ఆయన మంచాయన, ఆయన్ని కలపకు” అంది. ఇప్పుడు మా ఇంట్లో ముగ్గురు గొల్లపూడులు. తర్వాత ఏవి చూడమంటారు?

పోర్టు_రిటైర్డ్:

ముందు రెండో ఆట వారికి. మీరన్నది నిజమే, దాచడం దేనికి. ఒక వేషం హిట్టయితే మన సినిమావాళ్ళు దాన్ని పిండి పిప్పి చేస్తారు. సుబ్బారావునే పేర్లు మార్చి ఎన్నిసార్లు తెచ్చారో. కొన్నిట్లో ఆయన మొహంలోనే విసుగు నాకు కనబడింది. అన్నీ చూడక్కర్లేదు. 250లో పాతిక ఏరుకుంటే చాలు. నేను కొన్నిటితో సరిపెడతాను.

కుర్రాడా, తర్వాత ‘కళ్ళు’ చూడు. ఆ నాటికే 1988లో సినిమా అయింది. తీసింది ఎం.వి. రఘు, కెమెరామన్, దర్శకుడిగా అదే మొదలు. శివాజీరాజాకీ అదే మొదటి సినిమా. “తెల్లారింది లెగండో” పాట అందులోదే, సిరివెన్నెల గారే రాసి పాడారు. మా స్టేజీ మీద జారిన నల్ల కళ్ళజోళ్ళ సంగతి గుర్తొచ్చి నేను దాన్ని ఎప్పుడూ గంభీరంగా చూడలేను, నువ్వు చూడు.

ఆ తర్వాత పెద్దవయసు వేషాలకి రా. ‘లీడర్’ 2010, ‘కంచె’ 2015. అప్పటికి మనిషి తగ్గాడు, గొంతు తగ్గలేదు.

మధ్యలో ఒక కష్టం ఉంది, తెలుసుకుని చూడాలి. కొడుకు శ్రీనివాస్ తన మొదటి సినిమా ‘ప్రేమ పుస్తకం’ తీస్తుండగా 1992 ఆగస్టు 12న ప్రమాదంలో పోయాడు. తమిళంలో ఇప్పుడు అంత పెద్ద హీరో అయిన అజిత్ తెలుగులో చేసిన సినిమా అదే. మిగిలిపోయిన సినిమాని తండ్రే పూర్తిచేశారు. కొడుకు రాసి పెట్టుకున్న షాట్లు తండ్రి తియ్యడం ఎలా ఉంటుందో నేను ఊహించదలుచుకోలేదు. తర్వాత ఆ అబ్బాయి పేరు మీద, మొదటి సినిమా తీసిన దర్శకుడికి ఏటా ఆగస్టు 12న జాతీయ అవార్డు ఇస్తూ వచ్చారు. ‘తారే జమీన్ పర్’కి ఆమిర్ ఖాన్ అందుకున్నది అదే. పుట్టినరోజుకి దండలేసే వాళ్ళు బోలెడుమంది, ఆ తేదీని ఏటా కొత్తవాడి చేతిలో పెట్టినవాళ్ళు తక్కువ.

ఆయన 2019 డిసెంబరు 12న చెన్నైలో పోయారు, 80 ఏళ్ళు. ఆ వేళ మా పాత నాటకం జట్టులో మిగిలిన ముగ్గురం ఫోన్లో మాట్లాడుకున్నాం. మా సూపర్నెంటు గారు అప్పటికే లేరు. ఒకడు నా “అయితే” సంగతి ఎత్తాడు. ఇంకా వదల్లేదు వెధవ.

మధురవాడ_కుర్రాడు:

బాబాయ్ గారూ, ఈ ఆదివారం ‘కళ్ళు’ పెడదామనుకున్నాను. కుదర్లేదు. మీరు చెప్పిన అప్పలనరసయ్య పేరు సంగతి మామ్మకి చదివి వినిపించాను. వినగానే ఒత్తులు పక్కన పెట్టి, “మా పెదనాన్న పేరూ అదే. ఆయనా ఇల్లు రెండు చేసాడు, గీతతో కాదు, తడికెతో” అని మొదలెట్టింది. ఇప్పటికి మూడు గంటలైంది. తడికె ఎవరు పీకేశారో ఇంకా తేలలేదు. సినిమా వచ్చే వారం.