కోల్డ్ అగ్లుటినిన్ డిసీజ్: స్టెరాయిడ్లు ఎందుకు పట్టడం లేదు?

ప్రశ్న:
మా అమ్మగారికి 68 ఏళ్లు. ఫ్రిజ్‌లోంచి గిన్నె తీస్తే చాలు, వేళ్ల కొసలు నీలంగా మారి, చేతులు వెచ్చబడ్డాక గానీ మామూలు రంగుకు రావు. మూత్రం అప్పుడప్పుడు ముదురు గోధుమ రంగులో వస్తోంది, హిమోగ్లోబిన్ 8 దాటడం లేదు. చలికి ఎర్రకణాలు గుత్తులు కట్టి నశించే కోల్డ్ అగ్లుటినిన్ డిసీజ్ అని తేల్చారు. రెండు నెలలుగా ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ వాడుతున్నా గుణం కనిపించలేదు, కారణం ఏమై ఉంటుంది? మొదటి పరీక్షలో ఎర్రకణాల సంఖ్య మరీ తక్కువగా వస్తే, నమూనా గడ్డకట్టిందని ల్యాబువారు అన్నారు. అదీ దీనివల్లేనా?

జవాబు 1:
ఐజీజీ అనే రకం యాంటీబాడీలు (రోగనిరోధక ప్రొటీన్లు) అంటుకున్న కణాలను ప్లీహం నాశనం చేసే రకం రక్తహీనతలో స్టెరాయిడ్లు బాగా పనిచేస్తాయి. మీ అమ్మగారి జబ్బులోని యాంటీబాడీ ఐజీఎం అనే వేరే రకం. అది చల్లబడిన వేళ్లలో, చెవుల్లో, ముక్కు కొసన ఎర్రకణాలను గుత్తులుగా చేర్చి, వాటి మీదికి కాంప్లిమెంట్ అనే రోగనిరోధక వ్యవస్థ ప్రొటీన్లను రప్పిస్తుంది. రక్తం లోపలికి వచ్చి వెచ్చబడగానే ఐజీఎం ఊడిపోతుంది గానీ ఆ కాంప్లిమెంట్ ప్రొటీన్లలో ఒకటైన సీ3 మాత్రం కణాన్ని వదలదు. అలాంటి కణాలను ముఖ్యంగా కాలేయం ఏరివేస్తుంది కనుక స్టెరాయిడ్లు గానీ, ప్లీహాన్ని తొలగించడం గానీ అంతగా అక్కరకు రావు. యాంటీబాడీని తయారుచేసే బి కణాలను తగ్గించే రిటుక్సిమాబ్‌తో సుమారు సగం మందికి మేలు జరుగుతుంది. కాంప్లిమెంట్‌ను తొలి మెట్లలోని సీ1ఎస్ అనే ప్రొటీన్ దగ్గరే అడ్డుకొనే సుటిమ్లిమాబ్ అనే మందుకు 2022లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అయితే కణాలు గుత్తులు కట్టడానికి కాంప్లిమెంట్‌తో పని లేదు కాబట్టి, వేళ్లు నీలమవడాన్ని ఆ మందు ఆపదు. ప్రెడ్నిసోలోన్‌ను మాత్రం వైద్యులను అడగకుండా ఒక్కసారిగా మానిపించకండి.

జవాబు 2:
నేను ల్యాబులో పనిచేస్తాను. అది బహుశా గడ్డ కాదు. యంత్రం ఒక్కో గుత్తిని ఒక్క పెద్ద కణంగా లెక్కిస్తుంది, దాంతో సంఖ్య పడిపోయి, ఎంసీవీ (ఎర్రకణాల సగటు పరిమాణం) పెరిగి, ఎంసీహెచ్‌సీ (ఎర్రకణాల్లో హిమోగ్లోబిన్ సగటు సాంద్రత) అసాధ్యమైన అంకె చూపుతుంది. హిమోగ్లోబిన్‌ను కణాలను పగలగొట్టి కొలుస్తారు కనుక ఆ అంకెను సాధారణంగా నమ్మవచ్చు. ట్యూబు గోడకు ఇసుకలా అంటుకున్న ఎర్రటి నలకలు, 37 డిగ్రీల దగ్గర వెచ్చబెట్టగానే విడిపోవడం ఎన్నోసార్లు చూశాను. నిజమైన గడ్డ అలా విడిపోదు. యాంటీబాడీ ఎంత ఉందో కొలిచే టైటర్ పరీక్షకు ఇచ్చే రక్తాన్ని సీరం వేరుచేసేదాకా వెచ్చగానే ఉంచాలి, లేకుంటే యాంటీబాడీ కణాలకే అంటుకుపోయి ఫలితం తక్కువగా వస్తుంది.

జవాబు 3:
తొమ్మిదేళ్లుగా ఈ జబ్బుతో ఉన్నాను. ఒకసారి చల్లటి సెలైన్ ఎక్కించినప్పుడు మోచేతి దాకా నీలబడింది. అప్పటినుంచి ఏ ఆసుపత్రిలో చేరినా ముందే చెప్తాను. రక్తం ఎక్కించవలసి వస్తే బ్లడ్ వార్మర్ అడగండి, శస్త్రచికిత్స ఉంటే మత్తు వైద్యునికి తప్పక తెలియజేయండి. ఇంట్లో నేను చేసిందల్లా, చేతి తొడుగుల జతను ఫ్రిజ్ తలుపు పిడికే తగిలించడం.