శంషాబాద్ - దుబాయి: పోయేటప్పుడు రెండున్నర గంటలు, వచ్చేటప్పుడు ఐదు గంటలా?

జడ్చర్ల రైతుబిడ్డ:
అన్నలకు, అక్కలకు నమస్తే. మా చెల్లె కాన్పు ఉందని జనవరి నెలాఖరుకు అమ్మను దుబాయి తోల్కపోతున్న. అమ్మ విమానం ఎక్కుడు ఇదే మొదలు. టికెట్ మీద శంషాబాద్‌ల పొద్దున 10:20కి లేస్తే దుబాయిల 12:50కి దిగుతదని ఉంది. వాపసు టికెట్ల రాత్రి 10:50కి ఎక్కితే తెల్లారి 4:00కు శంషాబాద్. అంటే పోయేది రెండున్నర గంటలు, వచ్చేది ఐదు గంటల పది నిమిషాలు. దారి ఒక్కటే కదా?

అమ్మకు షుగర్ ఉంది. పొద్దున ఏడున్నరకు, రాత్రి ఏడున్నరకు ఇన్సులిన్ సూది, అర్ధగంటకు బువ్వ. ఆలస్యమైతే చేతులు వణుకుతయి, చెమటలు పడతయి. మొన్న దసరాకు బస్సుల గట్లనే అయితే షాద్‌నగర్‌ల దింపి నోట్లె చక్కెర పోసిన. అందుకే గాలిల ఎంతసేపు ఉంటమో సరిగ్గ తెల్వాలె.

దేవరకొండ అన్న, షార్జా:
తమ్మీ, టికెట్ మీద ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే ఏస్తరు. దుబాయి గడియారం మనకన్న గంటన్నర వెనుక. అక్కడ 12:50 అంటే మన దగ్గర 2:20. అంటే పోయేది నాలుగు గంటలు. వచ్చేనాడు అక్కడి 10:50 మనకు రాత్రి 12:20, దిగేది 4:00కు. మూడు గంటల నలభై నిమిషాలు. నేల మీద నడిచే టైమ్ గూడ అండ్లనే కలిసి ఉంటది. ఆకాశదారి దగ్గర దగ్గర 2,550 కిలోమీటర్లు.

జడ్చర్ల రైతుబిడ్డ:
మనసు నిమ్మళమైంది అన్నా. మరి ఆ ఇరవై నిమిషాల తేడా ఎందుకు?

నల్లగొండ సారు:
గాలి. విమానం ఎగిరే పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తులో చలికాలం గాలి పడమటి నుంచి తూర్పుకు గట్టిగా వీస్తుంది. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనుక నుంచి తోస్తుంది. వానాకాలంలో మన దక్కన్ మీద పైగాలి తూర్పు నుంచి వీస్తుంది కాబట్టి అప్పుడు ఈ తేడా తగ్గుతుంది.

పాలమూరు అక్క, నర్సు:
తమ్ముడూ, గాలిల నాలుగు గంటల సంగతి కాదు, ఆ పొద్దటి ఏడున్నర చూస్కో. విమానానికి మూడు గంటల ముందు అంటే 7:20కే ఎయిర్‌పోర్టుల ఉండాలె. సూది ఏసుకునుడు, తినుడు అక్కడ్నే అయితది. జొన్న రొట్టె, పొడి కూర డబ్బల పెట్టుకపో. లైన్ల నిలబడంగ ఆలస్యమయ్యేటట్టుంటే బువ్వ చేతికి అందేదాక సూది ఏయకు. ఇన్సులిన్ చేతిసంచిలనే ఉండాలె, కింద సామాన్ల ఏస్తే గడ్డకట్టి పాడు గావచ్చు. డాక్టర్ చీటీ, చక్కెర బిళ్లలు అండ్లనే పెట్టు. రాత్రి సూది మన ఏడున్నర అంటే అక్కడ సాయంత్రం ఆరు. వాపసు వచ్చేనాడు గూడ అంతే, చెల్లె ఇంట్ల తినిపించే బయలుదేరుర్రి. అక్కడ ఎక్కువ రోజులుంటరు కాబట్టి టైమ్ ఎట్ల మార్చాలెనో పోకముందే మీ డాక్టర్‌ను అడుగు.

జడ్చర్ల రైతుబిడ్డ:
అక్కా, ఏడున్నర ఎయిర్‌పోర్టుల్నే పడుతదని నాకు తట్టనే లేదు. రేపే డాక్టర్ దగ్గరికి పోత. ఫోన్ల టైమ్ దానంతట అదే మారుతది, డాక్టర్ చెప్పేదాక అమ్మ చేతి గడియారం మాత్రం మన టైమ్‌ల్నే ఉంచుత.