తుక్కు శిల్పం మీది తుప్పును ఉంచాలా, ఆపాలా?

రాగిరేకు: ఆరుబయట పెట్టడానికి ఆరడుగుల నైరూప్య శిల్పం చేశాను. రాగి రేకు, తుక్కు ఇనుము, పాత టేకు దూలం ముక్కలు. మొదటి వానకే ఇనుము తుప్పు కారి రాగి మీద ఎర్రటి చారలు పడ్డాయి. నాకవి ఎంతో నచ్చాయి. వదిలేయమంటారా, లాకరు అనే పారదర్శక పూత వేసి ఆపమంటారా?

నిప్పురవ్వ: ఇరవై రెండేళ్లుగా వెల్డింగ్ చేస్తున్నాను. అది అందం కాదండీ, జబ్బు. రాగి, ఇనుము తగులుకొని తడిస్తే ముందు పోయేది ఇనుమే. పెద్ద రాగి రేకుకు చిన్న ఇనుప బోల్టులు బిగించి ఉంటే అవి మరీ త్వరగా తినేసుకుపోతాయి. మధ్యలో నైలాన్ వాషర్లు వేయించండి.

వసుధ: ఇంతకీ ఏమిటా బొమ్మ?

పాతసైకిలు: ఏమిటని అడిగే కదా 1926లో అమెరికా కస్టమ్స్ వారు రుమేనియా శిల్పి బ్రాంకూసీ చేసిన కంచు పక్షిని లోహపు సరుకుగా లెక్కగట్టి 40 శాతం సుంకం వేశారు! అది కళాఖండమేనని 1928లో కోర్టు తేల్చాల్సి వచ్చింది.

రాగిరేకు: అమెరికా శిల్పి రిచర్డ్ సెర్రా పెద్ద పెద్ద ఉక్కు పలకలను తుప్పు రంగులోనే నిలబెట్టాడు. ఎవరూ జబ్బు అనలేదు.

నిప్పురవ్వ: అది కోర్టెన్ ఉక్కు. అందులో రాగి, క్రోమియం లాంటివి కలుపుతారు కాబట్టి తుప్పు గట్టి పొరగా అంటుకొని లోపలి లోహాన్ని కాపాడుతుంది. తుక్కు దుకాణం ఇనుము పొరలు పొరలుగా ఊడుతుంది. బోల్టులు చూసుకోండి.

రాగిరేకు: మళ్లీ బోల్టులేనా! శిల్పం గురించి ఒక్క మాటైనా అన్నారా? గేట్లు చేసే కంటితో చూస్తే కనిపించేది అంతే.

నిప్పురవ్వ: అవును, గేట్లు చేసేవాడినే. నాలుగేళ్ల కిందట ఒక కళాకారుడు కాగితం మీద మూడు గీతలు గీసి తెచ్చాడు. జింకు పూత ఉన్న గొట్టాలు, రేకు ఇచ్చాడు. పూత గీకకుండా అతికిస్తే ఆ పొగకు జ్వరం వస్తుందన్నాను. వ్యవధి లేదన్నాడు. ఆ రాత్రంతా చలిజ్వరంతో వణికాను. అతను గీసిన వంపుకు రేకు లొంగలేదు. మూడు చోట్ల కోసి, ఎర్రగా కాల్చి, సుత్తితో మెల్లగా దింపాను. పదకొండు రోజుల పని. ఫలకం మీద ఒకే పేరు. ప్రారంభోత్సవానికి పిలుపు లేదు. ఏడాదికి తుప్పు పడితే మాత్రం వెల్డింగ్ సరిగా లేదని నాకే ఫోను.

వసుధ: కూలి ఇచ్చారు కదా. ఇల్లు కట్టిన మేస్త్రి పేరు గుమ్మం మీద రాస్తామా?

పాతసైకిలు: చెన్నై దగ్గర చోళమండల్ కళాకారుల గ్రామంలో శిల్పి జానకిరామ్ గారు లోహపు రేకులను సాగగొట్టి శిల్పాలు చేశారు. అమెరికా శిల్పి డేవిడ్ స్మిత్ తన వెల్డింగ్ తానే చేసుకున్నాడు. కానీ మరో అమెరికా శిల్పి కాల్డర్ భారీ ఉక్కు శిల్పాలు ఎన్నో ఫ్రాన్స్‌లో తూర్ నగరపు ఇనుప కర్మాగారంలో తయారయ్యాయి. అవి కాల్డర్‌వి కావంటామా?

రాగిరేకు: మీకు జరిగింది అన్యాయమే, నిప్పురవ్వ గారూ. గేట్ల మాట అనకూడదు, క్షమించండి. కానీ ఏ ముక్క ఎక్కడ ఉండాలో తేల్చుకోవడానికి నేను ఆరు నెలలు నిద్ర మానుకున్నాను. ఆ ఊహ నాది.

నిప్పురవ్వ: ఊహ మీదే, కాదనను. ఆ కళాకారుడి శిల్పం దగ్గర మాత్రం జనం నిలబడి చూసేది ఆ వంపునే. అతను గీసింది ఆ వంపు కాదు. రేకు మొరాయించిన చోట ఎటు తిప్పాలో నిర్ణయించింది నేను. కూలి సుత్తి దెబ్బలకు ముట్టింది, ఆ నిర్ణయానికి ముట్టలేదు. మీ శిల్పానికి వెల్డింగ్ ఎవరు చేశారు?

రాగిరేకు: మా వీధి చివరి షెడ్డులో కుర్రవాడు. ఫలకం ఇంకా చెక్కించలేదు. అతని పేరు వేయిస్తాను. నా పేరు పక్కన, అదే వరుసలో అంటే మాత్రం ఒప్పుకోను.

నిప్పురవ్వ: ఆ కుర్రవాడిని అడిగి చూడండి, ఏ వరుస కావాలో. వాషర్లు వచ్చే వానలోపే వేయించండి.

వసుధ: లాకరు వేయాలా వద్దా, ఎవరూ చెప్పలేదు.