బ్రిక్స్‌టన్ బజారుకు బయటివాళ్లం వెళ్లడం మేలా, కీడా?

చర్చ ప్రారంభించిన సభ్యురాలు:
లండన్‌లో ఉంటున్న మనవాళ్లు చాలామంది సెలవు రోజున నగరానికి దక్షిణాన ఉన్న బ్రిక్స్‌టన్ బజారుకు వెళ్లి, ఫొటోలు తీసుకుని, అక్కడి కొత్త రెస్టారెంట్లలో భోంచేసి వస్తున్నారు. ఇది ఆ బజారుకు చేటు అని నా అభిప్రాయం. 1948లో ఎంపైర్ విండ్‌రష్ ఓడలో వచ్చిన కరీబియన్లలో కొందరికి క్లాపమ్ సౌత్‌లోని భూగర్భ ఆశ్రయంలో తాత్కాలిక వసతి కల్పించగా, వారికి దగ్గరలోని ఉపాధి కార్యాలయం బ్రిక్స్‌టన్‌లోని కోల్డ్‌హార్బర్ లేన్‌లో ఉండటంతో పలువురు ఆ చుట్టుపక్కలే స్థిరపడ్డారు. యామ్ దుంపలు, ఉప్పుచేప, స్కాచ్ బానెట్ మిరపకాయలు అమ్మే దుకాణాలు వారి వంటింటి అవసరం కొద్దీ వెలిశాయి గాని, మన కాలక్షేపానికి కాదు.

మొదటి సమాధానం:
మీ ఆవేదన సబబే గాని, నేరం సందర్శకులపై మోపడం సరికాదు. 1937లో గ్రాన్‌విల్ ఆర్కేడ్ అనే పైకప్పున్న దుకాణాల సముదాయంగా మొదలై నేడు బ్రిక్స్‌టన్ విలేజ్ అని పిలుస్తున్న భవనంలో 2009 నాటికి ఎన్నో దుకాణాలు మూతపడి ఉన్నాయి. వాటిని కొంతకాలం అద్దె లేకుండా కొత్తవారికి ఇచ్చాకే జనం తిరిగి వచ్చారు. పైగా 2010లో ఆ భవనాన్ని గ్రేడ్ 2 వారసత్వ కట్టడంగా గుర్తించారు. అదీ నిర్మాణ సౌందర్యం కన్నా వలసదారుల చరిత్రలో దానికున్న స్థానాన్ని చూసి.

చర్చ ప్రారంభించిన సభ్యురాలు:
ఆ గుర్తింపు గోడలకే రక్ష అండి, లోపల అద్దెకున్నవారికి కాదు. 2020లో, అలాంటి గుర్తింపే ఉన్న మార్కెట్ రో అనే మరో ఆర్కేడ్‌లోని నూర్ క్యాష్ అండ్ క్యారీ అనే కిరాణా దుకాణాన్ని, విద్యుత్ ఉపకేంద్రం నిర్మించాలంటూ, ఖాళీ చేయించబోయారు. స్థానికులు ఉద్యమించాకే ఆ ప్రయత్నం ఆగింది.

మరో సభ్యుడు:
ఇద్దరూ ఒక తేడాను వదిలేశారు. ఎలక్ట్రిక్ అవెన్యూలోని వీధి బళ్లకు లైసెన్సు ఇచ్చేది స్థానిక పాలక సంస్థ అయిన ల్యాంబెత్ కౌన్సిల్. ఆర్కేడ్ల లోపలి దుకాణాలు మాత్రం ప్రైవేటు యజమానికి అద్దె కడతాయి. రెస్టారెంట్లు కిటకిటలాడే కొద్దీ ఆ యజమాని అదే చోటుకు ఎక్కువ అద్దె ఆశిస్తాడు, ఆ భారం పక్కనున్న చేపల కొట్టుపైనా పడుతుంది. వీధి బండి దగ్గర వారం వారం బెండకాయలు కొనేవారి వల్ల ఇలాంటి ఒత్తిడి పుట్టదు. కాబట్టి వెళ్లాలా వద్దా అన్నది కాదు, డబ్బు ఎక్కడ ఖర్చుపెడుతున్నామన్నదే తేల్చుకోవాలి. (ఫొటోల సంగతి వేరు. బేరమాడుతున్న మనిషి ముఖాన అడగకుండా కెమెరా పెట్టడం ఏ బజారులోనైనా అమర్యాదే.)

చర్చ ప్రారంభించిన సభ్యురాలు:
వీధి బళ్ల విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. ఆర్కేడ్ల విషయంలో మాత్రం, పాత కిరాణా దుకాణాలకు దీర్ఘకాలిక లీజులు ఇచ్చేదాకా, అక్కడి రెస్టారెంట్లకు వెళ్లమని ఎవరికీ చెప్పలేను.